కంటిపాపలో తెల్లటి మెరుపు

(జగిత్యాలలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఆరోగ్య ప్రత్యేక సంచిక కోసం వక్త తానే రాసి ఇచ్చినది.)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కబురు చేశారు. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి మనకు తెలియనిదేమీ లేదు. మనలో ఏ ఇద్దరు కలిసినా ముందు డి.ఎ. సంగతి, ఆ తరువాత షుగరు మాత్రల సంగతే కదా మాట్లాడుకునేది! ఈరోజు మన సంగతి పక్కనపెట్టి, మన ఒళ్లో ఆడుకునే మనుమలు, మనుమరాండ్ర గురించి మాట్లాడదలచాను. పసిపిల్లల కంటిలో పుట్టే క్యాన్సరు గురించి, అది కంటి నుంచి మెదడుకు పోయే దారి గురించి చెబుతాను. సంతోషపడే విషయం కాదు. అయినా పావుగంట ఓపికపట్టి వినవలసిందిగా కోరుతున్నాను.

నేను డాక్టరును కాను. 1976లో మలేరియా విభాగంలో చేరి, ఊరూరా తిరిగి రక్తపు చుక్కలు తీసి, చివరికి హెల్త్ సూపర్‌వైజరుగా 2009లో పదవీ విరమణ చేసినవాడిని. నేను చెప్పేది కొంత డాక్టర్ల నోట విన్నది, కొంత చదివి తెలుసుకున్నది, కొంత నా ఇంట్లో జరిగినది. ఇంటి సంగతి సభలో చెప్పడం ఎందుకని మా ఇంటావిడ అన్నది. చెప్పకుంటే ఈ ప్రసంగానికి అర్థమే లేదని నేనన్నాను.

మొదట సిరిసిల్ల సంగతి. 1980ల మొదట్లో నేను అక్కడ పనిచేసేవాడిని. మరమగ్గాల చప్పుడులో మాట వినపడక సైగలతోనే మాట్లాడుకునే వాడలు అవి. ఆ రోజుల్లో ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్-ఎ ద్రావణం చెంచాతో పోసేవాళ్లం. రేచీకటి రాకుండా, కళ్లు పోకుండా ఉండడానికి ప్రభుత్వం పెట్టిన మంచి కార్యక్రమం అది. ఒక మగ్గం కార్మికుడి ఇంట్లో ఏడాదిన్నర పిల్లను తల్లి నా ముందుకు తెచ్చి, "సార్, చీకట్ల ఈ పిల్ల కన్ను పిల్లి కన్ను లెక్క మెరుస్తది, సూడుండ్రి" అన్నది. నేను చూశాను. పగటి వెలుతురులో నాకేమీ కనపడలేదు. కన్ను అనగానే విటమిన్-ఎ అనే లెక్క నా తలలో ఉన్నది. ఒక చెంచా పోసి, ఆకుకూరలు పెట్టమని చెప్పి, రిజిస్టరులో టిక్కు పెట్టి పక్కింటికి పోయాను.

మళ్లీ ఆరు నెలలకు పోయేసరికి ఆ కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకు వచ్చి ఉన్నది. వేములవాడ రాజన్నకు కోడెను కట్టారు, మంత్రం వేయించారు, పసరు పోయించారు. అప్పటికే పిల్లకు వాంతులు, తల పట్టుకొని ఏడుపు, మధ్యమధ్య మూర్ఛ. హైదరాబాదు తీసుకుపోతే మెదడుకు ఎక్కిందని చెప్పి పంపించారట. ఆ ఏటి బతుకమ్మ పండుగ నాటికి ఆ పిల్ల లేదు. తల్లి నన్ను ఒక్కమాట అనలేదు. ఆ చెంచా మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

ఆ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా అని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. కంటి వెనుక గోడకు లోపల అతికినట్టు ఉండే సన్నని పొరను రెటీనా అంటారు. బొమ్మ పడేది దాని మీదనే. ఆ పొరలోని కణాలు పిండదశలోను, పుట్టిన తరువాత కొద్ది కాలమూ పెరిగి, ఆ పైన పెరుగుదల ఆపుకోవాలి. ఆపమని చెప్పే జన్యువు ఒకటి ఉన్నది, దాని పేరు ఆర్.బి.-1. ప్రతి కణంలోను అది రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి. రెండూ చెడిపోతేనే కణం అదుపు తప్పుతుంది. ఈ రెండు దెబ్బల సిద్ధాంతాన్ని 1971లో నుడ్సన్ అనే అమెరికా డాక్టరు చెప్పాడు. జన్యువును 1986లో పట్టుకున్నారు. ఈ క్యాన్సరు దాదాపుగా ఐదేళ్ల లోపు పిల్లల్లోనే వస్తుంది.

ఎంత మందికి వస్తుంది? పదిహేను, ఇరవై వేల కాన్పులకు ఒక బిడ్డకు. మన దేశంలో ఏడాదికి సుమారు పదిహేను వందల మంది. చాలా అరుదు కదా అని మీరు అనవచ్చు. మన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు రెండూ కలిపి 2011 లెక్కల ప్రకారం జనాభా పదిహేను లక్షల పైచిలుకు. ఏడాదికి ఇరవై వేల కాన్పులని వేసుకుంటే, ఏటా మన మధ్యనే ఒక బిడ్డ ఈ జబ్బుతో పుడుతున్నట్టు లెక్క. ఆ ఒక్క బిడ్డ ఎవరింట్లో ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

మా ఇంట్లో పుట్టాడు.

మా చిన్నబిడ్డను కోరుట్లలో మా అక్క కొడుక్కే ఇచ్చాము. అల్లుడు దుబాయిలో ఉంటాడు. కోరుట్లలో ఇంటికొకరు గల్ఫులో ఉన్నవారే కాబట్టి అది వింత కాదు. మనుమడు 2022లో పుట్టాడు. ఏడో నెలలో ధర్మపురిలో అన్నప్రాశన చేసి, ఫోటోలు తీసి ఫోనులో అల్లుడికి పంపించాము. ఆ రాత్రే ఫోను వచ్చింది. "మామా, బాబు ఎడమ కన్నుల తెల్లగ మెరుస్తంది. కుడి కన్ను ఎర్రగున్నది. రెండు ఒక తీరుగ లేవు" అన్నాడు. వేల మైళ్ల దూరంలో ఉన్నవాడు చూశాడు. పక్కనే కూర్చున్న నేను చూడలేదు. చూసినా ఒప్పుకోలేదు. "ఏం గాదు అల్లుడా, ఫోను లైటు పడ్డది" అన్నాను. ముప్పై మూడేళ్లు ఆరోగ్యశాఖలో పనిచేసిన మామ మాట కాబట్టి వాడు ఊరుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆ కన్ను కొంచెం పక్కకు తిరిగింది. "మెల్లకన్ను అదృష్టం" అని ఇంటి ఆడవాళ్లు సంబరపడ్డారు. దగ్గరలో ఒక డాక్టరుకు చూపిస్తే, చుక్కలు వేసి లోపలికి చూడకుండానే, "మెల్లకన్ను పెద్దయ్యాక సరిచేయవచ్చు" అన్నారు. నాకు కావలసిన మాట అదే, హాయిగా ఇంటికి వచ్చాను. పదో నెలలో మా బిడ్డ ఒంటరిగా బస్సెక్కి పిల్లవాణ్ణి హైదరాబాదు తీసుకుపోయింది. నాకు జూబ్లీ బస్టాండు చేరిన తరువాత ఫోను చేసింది.

అక్కడ పిల్లవాడికి మత్తు ఇచ్చి రెండు కళ్లూ పరీక్షించారు. ఎడమ కన్ను నిండా గడ్డ, కుడి కంట్లో రెండు చిన్న గడ్డలు. ఈ క్యాన్సరుకు ఇతర గడ్డల మాదిరి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపరు. సూది పెడితే క్యాన్సరు కణాలు కంటి బయటికి వస్తాయి కాబట్టి చూపుతోను, అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. స్కానులతోను నిర్ణయిస్తారు. ఎడమ కన్ను తీసేయాలని, ఆలస్యం వద్దని చెప్పారు.

అప్పుడు మా ఇంట్లో పంచాయితీ నడిచింది. మా అక్క, అన్నదమ్ములు, వియ్యాలవారి తరఫు పెద్దలు, అందరం కూర్చున్నాం. కన్నుగుడ్డు తీసేస్తే పిల్లవాడి బతుకేమిటని ఒకరు, కొండగట్టు అంజన్న దగ్గర నలభై ఒక్క రోజులు ఉంచుదామని ఒకరు, ఆయుర్వేదంలో మందున్నదని ఒకరు అన్నారు. చివరికి అందరూ నా ముఖం చూశారు. "ఒక నెల ఆగుదాం" అన్నాను. సభాముఖంగా ఒప్పుకుంటున్నాను, ఆ మాట అన్నది నేనే. సిరిసిల్ల పిల్లను కళ్లారా చూసినవాడిని అయి ఉండి కూడా అన్నాను. కన్ను తీయించిన తాత అనిపించుకోవడానికి భయపడ్డాను.

మా బిడ్డ లేచి, "బాపు, కన్ను పోతే నాకు కొడుకుంటడు. నువ్వు ఆగుమంటే ఏముంటది?" అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు. మరుసటి వారం ఆపరేషను జరిగింది.

ఎందుకు ఆగకూడదో ఇప్పుడు చెబుతాను. కన్నుగుడ్డు వెనుక నుంచి మెదడుకు పోయే నరం ఉన్నది కదా, దాని పొడవు బెత్తెడు కూడా ఉండదు, పెద్దవాళ్లలోనే రెండంగుళాలు. గడ్డ కంటి లోపలే ఉన్నంత కాలం బిడ్డ ప్రాణానికి ముప్పు తక్కువ. ఆ దశలో కన్ను తీసేస్తే నూటికి తొంభై ఐదు మందికి పైగా బతుకుతారు. గడ్డ నరంలోకి దిగిందా, అక్కడి నుంచి మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి పోతుంది. ఆ తరువాత వెన్నులోకి మందులు, పెద్ద మోతాదు కీమో, మూలకణాలు తిరిగి ఎక్కించడం వంటివి చేస్తారు. కొద్దిమందిని కాపాడగలుగుతున్నారు గాని, అది కష్టమైన పోరాటం. అందుకే కన్ను తీసేటప్పుడు నరాన్ని వీలైనంత పొడవుగా కోసి తీస్తారు. ఆ నరం కోసిన కొసను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కొసలో కణాలు లేకుంటే ఒక దారి, ఉంటే కీమో, రేడియేషను అన్నీ కలిసిన ఇంకొక దారి. ఆ రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. కొస శుభ్రంగా ఉన్నదని వచ్చింది. నేను అడిగిన నెల రోజులు ఆగి ఉంటే ఏమై ఉండేదో నాకు తెలియదు.

ఇక రెండవ సంగతి ఇంకా అరుదైనది. మెదడు నడుమ పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంటుంది, చింతగింజ కంటె చిన్నది. కొన్ని బల్లి జాతి జీవులలో నడినెత్తిన వెలుతురును గుర్తించే మూడో కన్ను ఒకటి ఉంటుందని, మన పీనియల్ దానికి చుట్టమని శాస్త్రజ్ఞులు చెబుతారు. మనలో ఆ గ్రంథికి చూపు లేదు గాని, దాని కణాలకు రెటీనా కణాల పోలిక ఉన్నది. అందుచేత ఆర్.బి.-1 లోపం ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉన్న పిల్లలకు కొందరికి అక్కడ కూడా గడ్డ పుడుతుంది. అది కంటి నుంచి పాకినది కాదు, అక్కడే పుట్టినది. రెండు కళ్లు, ఈ మూడోది కలిపి ట్రైలేటరల్ రెటినోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. ముక్కంటి వేములవాడలో వెలసి ఉన్న జిల్లా మనది. మూడో కన్నంటే దండం పెట్టడమే గాని, దానికి భయపడవలసి వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

వంశపారంపర్య లోపం ఉన్న పిల్లల్లో నూటికి ముగ్గురు, నలుగురికి ఇది వస్తుంది. వస్తే ఐదేళ్ల లోపే ఎక్కువ. 1995కు ముందు ఇది వచ్చిన పిల్లల్లో ఐదేళ్లు బతికినవారు నూటికి ఐదారుగురు మాత్రమే. ఆ తరువాతి కాలంలో నూటికి నలభై దాటారు. పెద్ద మోతాదు కీమో ఇచ్చి, ముందుగా తీసి దాచిన బిడ్డ సొంత మూలకణాలను తిరిగి ఎక్కించే పద్ధతి రావడం, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే స్కానులో పట్టుకోవడం, ఈ రెండూ అందుకు తోడ్పడ్డాయి.

మా మనుమడికి రెండు కళ్లలోను వచ్చింది కాబట్టి లోపం ఒంట్లో అంతటా ఉన్నట్టే. మొదటి ఎం.ఆర్.ఐ.లో పీనియల్ దగ్గర ఒక చిన్న నీటితిత్తి కనపడింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: ఈ పిల్లల్లో ఇలాంటి తిత్తులు మామూలుగానే కనపడతాయి, ఎక్కువ భాగం హాని చేయవు, అయితే పెరుగుతున్నదో లేదో చూడాలి, మూడు నెలలకు మళ్లీ రండి. ఆ మూడు నెలలు నేను నిద్రపోలేదంటే అతిశయోక్తి కాదు. పిల్లవాడు పొద్దున లేవగానే వాంతి చేసుకుంటే మా ఇంటావిడ పాలు పడలేదనేది. నాకు సిరిసిల్ల గుర్తుకు వచ్చేది. మూడు నెలలకు తిత్తి అంతే ఉన్నది. మళ్లీ ఆరు నెలలకు అంతే. ఐదేళ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి ఈ స్కాను తప్పదు. సి.టి. స్కాను చవక కదా అని నేనడిగితే, అందులో ఎక్స్-రే కిరణాలు ఉంటాయని, ఈ పిల్లలకు రేడియేషను తగిలితే ముందుముందు వేరే క్యాన్సర్లు వచ్చే ప్రమాదం ఎక్కువని, అందుకే ఎం.ఆర్.ఐ. అని చెప్పారు. ఒకప్పుడు ఈ జబ్బుకు కంటి మీద బయట నుంచి రేడియేషను ఇచ్చేవారు. ఈ కారణం చేతనే 1990ల నుంచి వీలైనంత వరకు కీమో వైపు మళ్లారు.

కుడి కన్నుకు ఆ కీమోనే ఇచ్చారు. విన్‌క్రిస్టిన్, ఎటొపొసైడ్, కార్బొప్లాటిన్ అని మూడు మందులు, మూడు నాలుగు వారాలకొకసారి, ఆరు విడతలు. గడ్డ కుంచించుకుపోయాక మిగిలినదాన్ని లేజరుతో మాడ్చారు. ఇవిగాక తొడ రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి నేరుగా కంటి నాళంలో మందు వదిలే పద్ధతి, కంటి గోడకు రేడియేషను బిళ్ల కుట్టే పద్ధతి కూడా ఉన్నాయి. మావాడికి అవసరం పడలేదు. కీమో రోజుల్లో మాకు తెలిసింది ఏమిటంటే, డాక్టర్ల పని సగం, ఇంటివాళ్ల పని సగం. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, రక్తకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ముదురుతుంది. ఒక రాత్రి రెండు గంటలకు కోరుట్ల నుంచి కారు మాట్లాడుకొని పోయాం. క్యూలో నిలబడడం, కాగితాలు జెరాక్సు తీయించడం, పెద్దపిల్లను బడికి పంపడం వంటివి మనలాంటి రిటైరైనవాళ్లు చేయగల పనులు. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

ఖర్చు సంగతి అందరూ అడుగుతారు. మన పెన్షనర్ల హెల్తు కార్డులో మనుమలు రారు, గమనించగలరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సరు వైద్యం ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. హైదరాబాదులో బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగమే ఉన్నది. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఈ సంస్థలో పేదలకు ఉచితంగా చూస్తారు. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి. కాబట్టి బాంబేకు, మద్రాసుకు పోవాలేమోనన్న భయం అక్కరలేదు.

ఇంకొక మాట. మా బిడ్డది మేనరికం కాబట్టే ఇలా జరిగిందని చుట్టాలు మా అక్కను, నన్ను నిందించారు. మేనరికాలు మంచివని నేను చెప్పను, వాటివల్ల వచ్చే జబ్బులు వేరే చాలా ఉన్నాయి. కాని ఇది ఆ కోవలోది కాదు. ఈ లోపం ఒక వైపు నుంచి వచ్చినా చాలు. చాలామంది పిల్లల్లో తల్లిదండ్రులిద్దరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది. గ్రహణం పట్టినందుకు రాదు, తల్లి ఏదో తిన్నందుకు రాదు. అయితే బిడ్డకు వచ్చిందంటే అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల కళ్లు కూడా చూపించాలి, తల్లిదండ్రులకు పరీక్ష చేయించాలి. మా మనుమరాలికి చూపించాము, ఏమీ లేదు. మనుమడు పెద్దవాడై పెళ్లి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఈ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. కాన్పు అయిన రోజుల్లోనే కళ్లు చూపించాలని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. అప్పటికి నేనుండను కదా.

ఇక మీరు చేయవలసినది. మనుమడి కంటిపాప ఎప్పుడైనా తెల్లగా, పచ్చగా మెరిసినా, ఫ్లాషుతో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడినా, మెల్లకన్ను కనపడినా, కన్ను ఎర్రబడి వాచినా, చుక్కలు వేసి లోపలిదాకా చూసే కంటి డాక్టరు దగ్గరికి ఆ వారంలోనే పంపండి. కెమెరా కోణం వల్ల కూడా తెల్లగా పడవచ్చు, పిల్లల్లో కంటిపొర వల్ల కూడా తెల్లగా ఉండవచ్చు. అది డాక్టరు తేల్చవలసినది, తాత తేల్చవలసినది కాదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు బాలల ఆరోగ్య పరీక్షల బృందం వస్తుంది, వాళ్లకు కూడా చూపవచ్చు.

మావాడి ఎడమ కంటి గుంటలో గోళీ వంటి బంతి పెట్టి, నెలన్నర తరువాత దాని మీద కృత్రిమ కన్ను అమర్చారు. గాజు కన్ను అంటాం గాని అది అక్రిలిక్. కొత్తవాళ్లకు తేడా తెలియదు. కుడి కంటితో అన్నీ చూస్తాడు, సెల్‌ఫోను కూడా ఎక్కువే చూస్తాడు. ఒకసారి ఆ కన్నును తీసి వాళ్ల నానమ్మ చేతిలో పెట్టి, "కడుగు" అన్నాడు. మా అక్క మొదట హడలిపోయింది. ఇప్పుడు ఆమెనే కడిగి పెడుతుంది.

వచ్చే స్కాను తేదీ కాగితం నా జేబులోనే ఉన్నది. ఎవరింట్లోనైనా అనుమానం ఉంటే, ఎవరి దగ్గరికి పోవాలో, ఏ కాగితాలు తీసుకుపోవాలో తెలియకుంటే, ఆదివారాలు ఉదయం నేను మన సంఘ కార్యాలయంలోనే ఉంటాను. బస్సులో తోడు కూడా వస్తాను, బస్సు దారి నాకు బాగా అలవాటైంది.